లేమిలో క్రిస్మసు



కలవాడు పెట్టుట సులభము. లేనివాడు పెట్టుట యెట్లు? పండుగ వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్న మన యిండ్లలో పుట్టుచునే యుండును. దీనికి సమాధానమును నేను చిన్ననాట, హైదరాబాదు పాతనగరమందలి కిషన్‌బాగ్‌లో, ఒక క్రిస్మసునాడు నేర్చుకొంటిని.

మా గల్లీలో హిందువులు, ముసల్మానులు, మావంటి క్రైస్తవులు కలిసి కాపురముండిరి. రంజానుకు షీర్‌ఖుర్మా, దసరాకు జమ్మియాకు, సంక్రాంతికి సకినాలు మా యింటికి వచ్చెడివి. క్రిస్మసుకు మా గరిజెలు వారి యిండ్లకు పోయెడివి. ఆ యేడు మా తండ్రిగారు పనిచేయు అచ్చుకూటము మూతపడి, మూడు నెలలు జీతము లేకపోయెను. పదిమందిలో చిన్నతనము కలుగునని ఆయన వడ్డీకి సొమ్ము తేబోయిరి. మా తల్లి యొప్పుకొనలేదు. "అప్పు తెచ్చి పంచినది మన సొమ్మెట్లగును? ఉన్నదే పంచుదము" అనెను.

ఇంటనున్న పిండికి, పుట్నాలపొడికి, బెల్లమునకు 40 గరిజెలు వచ్చినవి. 12 ఇండ్లకు మూడేసి చొప్పున పోగా మిగిలినవి నాలుగు, మేమును నలుగురమే. "మనకు ఒక్కొక్కటియేనా?" అని నేను అలిగితిని. "పండుగ మనది గదా బిడ్డా, ముందు పెట్టవలసినవారము మనమే" అని తల్లి పళ్లెము నా చేతికిచ్చెను.

గల్లీ చివర నొక ముసలమ్మ ఒంటరిగా నుండెడిది. అందరము ఆమెను నానీ అని పిలిచెడివారము. తలుపు తీసి, నన్ను చూచి, "ఎన్ని దినములకు నా తలుపు తట్టినావు బేటా!" అనెను. గరిజెలు తీసికొని, పళ్లెమును వట్టిగా పంపుటకు మనసొప్పక, డబ్బా అడుగున మిగిలిన చక్కెరను గీకి అందులో పోసెను. ఆమెకును అంతకు మించి లేదని నాకు కనబడుచునే యుండెను. ఆ చక్కెరతో మా తల్లి చాయ కాచెను. నా వంతు గరిజెను నేనప్పుడు అలుక లేకుండ తింటిని.

మెదకులోని పెద్ద చర్చిని మీలో చాలమంది చూచియుందురు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ దానిని కట్టించెను. కరవుకాలమున అన్నము లేక వచ్చిన ప్రజలకు ఆయన ఆ కట్టడమందు పని కల్పించి, తిండి పెట్టెనని ప్రసిద్ధి. 170 అడుగులకు పైబడిన గోపురముగల ఆ చర్చి 1924 డిసెంబరు 25వ తేదీన, సరిగా క్రిస్మసునాడే, ప్రతిష్ఠింపబడెను. ఆకలిగొన్నవాడు అచ్చట చేయి చాపలేదు. రాయి మోసి, తలయెత్తుకొని భుజించెను. పెట్టువాడు పుచ్చుకొనువాని గౌరవమును గూడ కాపాడవలెనని మెదకు మనకు నేర్పుచున్నది. నానీ పోసిన చక్కెరయు నాకు దానినే నేర్పెను. ఆమెను మేము పుచ్చుకొనుదానిగా మాత్రమే తలచితిమి. ఆమె తానును పెట్టగలదానినని చూపెను.

దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ మార్కు సువార్త 12వ అధ్యాయమున కలదు. ధనికులు మిగులులోనుండి వేసిరి. ఆమె తన జీవనమునే వేసెను. అందుచేతనే క్రీస్తు ఆమె కానుకను అన్నిటికంటె పెద్దదిగా నెంచెను.

పెద్దలారా, మీ గ్రామములలో పండుగ పేరిట అప్పులపాలగు కుటుంబములు మీకు తెలియనివి కావు. మీ మాటకు విలువ యున్నది గనుక ఒక్క మనవి చేయుచున్నాను. పళ్లెములోని వస్తువులను లెక్కపెట్టి మనుష్యుని పరువు కట్టవలదని మీవారికి చెప్పుడు. ఒక్క అరిసె తెచ్చినవానిని గూడ ఆదరముతో కూర్చుండబెట్టుడు. మరియు, చాల దినములుగా ఎవరును తట్టని తలుపు మీ వాడలో ఏదియో కనుగొని, ఈ పండుగకు మొదట దానిని తట్టుడు.

సెలవు.