నీళ్ళు మోసే చిన్ని చేతులు

సమస్త స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.



పాఠశాల ఫుట్‌బాల్ జట్టులో పదకొండుగురిలో చోటు దక్కని పిల్లవాడొకడు ప్రతి ఊరిలోనూ ఉంటాడు. అతడు గీత వెలుపల నిలిచి నీళ్ళసీసాలు నింపుతాడు. మైదానం దాటిన బంతిని తెచ్చిస్తాడు. దెబ్బ తగిలిన ఆటగానికి ఐసుముక్క అందిస్తాడు. అది చూసిన తండ్రికి చిన్నతనం తోస్తుంది. ‘ఆడుకొమ్మని పంపితే ఊడిగం చేస్తున్నావా?’ అని బిడ్డను ఇంటికి పిలుచుకుంటాడు. ఆ ఒక్క మాటతో, సేవ అవమానకరమన్న పాఠం కన్నతండ్రి నోటనే ఆ పసిమనసులో నాటుకుంటుంది.

సోదరులారా! ఈ విషయంలో మన ప్రవక్త (స) ఏమి బోధించారో గమనించండి. ఒక ప్రయాణంలో ఎండ మండిపోతోంది. సహాబాలలో కొందరు ఉపవాసం పాటించారు, కొందరు పాటించలేదు. మజిలీ చేరగానే ఉపవాసులు అలసి వాలిపోయారు. తక్కినవారు గుడారాలు వేసి, వాహన పశువులకు నీళ్ళు పెట్టారు. ఆనాటి పుణ్యమంతా ఆ సేవకులే తీసుకుపోయారని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

మరొక ప్రయాణంలో అందరూ దప్పికతో ఉండగా ప్రవక్త (స) స్వయంగా నీళ్ళు వంచుతుంటే, హజ్రత్ అబూ ఖతాదా (రజి) వాటిని అందరికీ అందించారు. చివరికి వారిద్దరే మిగిలారు. నీళ్ళిచ్చేవాడు అందరికన్నా చివర తాగాలని తెలిపి, అబూ ఖతాదా (రజి) తాగిన తర్వాతనే ప్రవక్త (స) తాగారు. సీసా పట్టుకొని నిలిచిన మన పిల్లవాడు ఈ సున్నత్ నీడలోనే ఉన్నాడు.

ఇక ఓటమి మాట. ప్రవక్త (స) వారి ఆడ ఒంటె ‘అజ్‌బా’ను పరుగులో మించినది లేదు. ఒకనాడు ఒక ఎడారివాసి లేత ఒంటెపై వచ్చి దానిని దాటిపోయాడు. ముస్లింలకు అది ఎంతో కష్టం కలిగించింది. లోకంలో పైకెదిగిన ప్రతిదానినీ కిందికి దించడం అల్లాహ్ నియమమని ప్రవక్త (స) వారికి తెలియజేశారు. ఓడిన జట్టుతో ఇంటికి నడిచి, మరునాడు మళ్ళీ సీసాలు నింపే బాలుడు ఈ సత్యాన్ని అనుభవంతో నేర్చుకుంటాడు.

మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ ఉపాధ్యాయుడు, భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. ఆయన కుంగిపోక శిక్షణ కొనసాగించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచిలో దక్షిణ కొరియా చేతిలో ఓడిన మన జట్టే, ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో జయించి స్వర్ణం సాధించింది. క్యాన్సర్ పీడితులైన రహీమ్ సాహెబ్ 1963లో కన్నుమూశారు. గీత వెలుపల నిలిచినవాడు గోలు కొట్టడు. అయినా ఆ విజయంలో ఆయన చెమట ఉంది.

పెద్ద ఆటగాళ్ళకూ, శిక్షకులకూ ఒక మనవి. హజ్రత్ అనస్ (రజి) బాల్యంలోనే ప్రవక్త (స) సేవలో చేరి పదేళ్ళు గడిపారు. అంతకాలంలో ఒక్కసారైనా ఆయన తనను విసుక్కోలేదని అనస్ (రజి) స్వయంగా చెప్పారు. కనుక నీళ్ళు తెచ్చే చిన్నవాణ్ణి కసురుకోకండి. అతనికి మీరే ముందు సలాం చేయండి. ఆట ఎంత రసవత్తరంగా ఉన్నా, అస్ర్ వేళ కాగానే అతణ్ణి వెంటబెట్టుకొని నమాజుకు నిలవండి.

తండ్రులారా! ఈ సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే, ‘గెలిచారా?’ అని అడిగే ముందు, ‘ఈ రోజు ఎవరి దాహం తీర్చావు, బేటా?’ అని అడగండి.

అల్లాహ్ మన సంతానానికి ఓటమిలో సహనాన్ని, గెలుపులో వినయాన్ని, సేవలో సంతోషాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.