షట్టరు దించితే జీతమెవరివ్వాలి?



మార్కాపురంలో పలకల పని సన్నగిల్లింది. గిద్దలూరు వైపు బోర్లు ఎండితే సేద్యమూ అంతే. మన పిల్లలు డిగ్రీ పట్టుకుని హైదరాబాదు, చెన్నై బస్సెక్కుతున్నారు. సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే పని దొరికితే కంపెనీ ఉద్యోగమని మనం సంబరపడుతున్నాం.

సుభిక్ష సంగతేమయింది? 1997లో చెన్నైలో పుట్టింది. అప్పులు తెచ్చి దేశమంతా 1600 దుకాణాల దాకా పాకింది. 2009 తొలి నెలల్లో సరుకుకూ జీతాలకూ డబ్బు లేక షట్టర్లు దించేసింది. కొనేవాడు ఇంకో కొట్టు చూసుకుంటాడు, అదీ చిల్లర కొట్టు బతికి ఉంటేనే. పంట అమ్మాక కడతామంటే ఖాతా రాసుకునేది ఆ కొట్టాయనే, సూపర్ మార్కెట్ కాదు. మరి పనివాడో?

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మూసివేతకూ పరిహారం చెప్పింది. ఏడాది నిండిన కార్మికుడికి నెల నోటీసు లేదా నెల జీతం, సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం. నష్టాలొచ్చాయన్న సాకు ఒక్కటే చాలదని కూడా చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లోనూ ఆ 15 రోజుల లెక్క ఉంది. కానీ ఏజెన్సీ పేరు మీద, కాగితం లేకుండా చేరినవాడు తన సర్వీసును దేంతో రుజువు చేస్తాడు?

అందుకే బస్సెక్కే ప్రతి పిల్లకూ పిల్లోడికీ చెప్పి పంపుదాం: నియామక పత్రం, జీతం చీటీ, పీఎఫ్ నంబరు చేరిన నెలలోనే అడిగి తీసుకోండి, నకళ్లు ఇంటికి పంపండి.