అమ్మ మాటను బిడ్డకు దూరం చేయవద్దు



మనం బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో తరతరాలుగా ఉంటున్నవాళ్లం. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, బడిలో ఇంగ్లీషు. మన పిల్లల్లో చాలామంది వీటి మధ్యే పెరిగి పెద్దవాళ్లవుతారు. కానీ మూడేళ్లొచ్చినా మాట రాని బిడ్డకు ఆటిజం అని తేలినప్పుడు తల్లిదండ్రులకు తరచు వినబడే సలహా ఒకటుంది: "ఇన్ని భాషలు వద్దు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి." అది విని నానమ్మ మనవడితో మాట్లాడటం మానేస్తుంది. ఇంగ్లీషు రాని తల్లి సొంత బిడ్డ దగ్గరే నోరు కట్టేసుకుంటుంది. ఈ సలహాకు ఆధారం ఉందా అని మనం అడగాలి.

ఆటిజం విషయంలో ఆధారం లేని మాటలు కుటుంబాలను గాయపరచడం కొత్త కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఈ స్థితిని వర్ణించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమ చూపకపోవడమే దీనికి కారణమని నిందించారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జతల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. అంటే దీని మూలం చాలావరకు పుట్టుకలోనే, జన్యువుల్లోనే ఉంది. తల్లి తప్పూ కాదు, ఎవరి పాపమూ కాదు.

ఇక భాష సంగతి. "పాలు కావాలా?" అని అడిగితే ఈ పిల్లల్లో కొందరు "పాలు కావాలా" అని తిరిగి అంటారు. అర్థం లేకుండా వల్లిస్తున్నారని మనం అనుకుంటాం. అలా తిరిగి అనడమే "అవును" అని చెప్పడం కావచ్చని కానరే గుర్తించాడు. 1980ల్లో బారీ ప్రిజాంట్ వంటి పరిశోధకులు ఇలాంటి మాటల వెనుక అడగడం, ఒప్పుకోవడం, తమను తాము సముదాయించుకోవడం వంటి పనులున్నాయని చూపించారు. ఆ బిడ్డ అంటున్నది మన ఇంటి మాటే. దాన్ని విని అర్థం చేసుకోగలిగినవాళ్లం ముందు మనమే.

రెండు భాషల వల్ల నష్టమా? 2012లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పోల్చి చూశారు. రెండు భాషల మధ్య పెరుగుతున్నవాళ్లకు ఒకే భాష వినేవాళ్లకన్నా అదనపు ఆలస్యం కనబడలేదు. తర్వాత వచ్చిన పరిశోధనలూ ఎక్కువగా ఆ దారినే చెబుతున్నాయి. అలాగని తెలుగు మాట్లాడితే ఆటిజం పోతుందని కాదు. వినికిడి పరీక్ష, స్పీచ్ థెరపీ అవసరమే. కొందరికి నోటి మాట రాకపోవచ్చు. వాళ్లకు బొమ్మల కార్డులు, సైగలు కావాలి. ఆ కార్డుల మీద కూడా ఇంట్లో వాడే మాటే ఉండవచ్చు.

2012లోనే, తానూ ఆటిజం ఉన్న వ్యక్తి అయిన డామియన్ మిల్టన్ ఒక మాట ముందుకు తెచ్చాడు: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది. వాళ్లు మనల్ని అర్థం చేసుకోవాలని ఎంత కోరుతున్నామో, మనమూ వాళ్ల కోసం అంత ప్రయత్నించాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ నిధులో గుర్తింపో పొందిన బడులు వివక్ష లేకుండా ఈ పిల్లలను చేర్చుకోవాలి. ఇది దయ కాదు, హక్కు. కాబట్టి మూడు పనులు చేద్దాం. ధ్రువపత్రం కోసం తిరిగే తల్లికి తోడు వెళ్దాం. థెరపీ కేంద్రానికి వెళ్లినప్పుడు, ఇంట్లో మాట్లాడేది తెలుగని చెప్పి, ఇంటి పాఠం తెలుగులో ఇమ్మని అడుగుదాం. మన కూడికల్లో ఈ బిడ్డ గట్టిగా అరిచినా, అటూ ఇటూ తిరిగినా, ఆ తల్లి వైపు కోపంగా చూడటం మానుదాం.

నానమ్మలకు మన విన్నపం ఒక్కటే: మనవడితో మాట్లాడండి. మీకు వచ్చిన భాషలోనే మాట్లాడండి.