వైజాగ్‌లో డైవ్ చేసి అదే రోజు కొండెక్కచ్చా?

పోయిన వీడియో కింద మన రేణిగుంట తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, వైజాగ్‌లో ఘాజీ సబ్‌మెరైన్ దాకా స్కూబాలో పోవచ్చా?"

పోలేం తమ్ముడూ. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి అది. ఉన్న లోతు దాదాపు 100 మీటర్లని 2024లో వార్తలొచ్చాయి. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఇంకో వాతావరణమంత ఒత్తిడి కలుస్తుంది. అంటే అక్కడ ఒడ్డు మీద ఉన్నదానికి 11 రెట్లు! ఓపెన్ వాటర్ కోర్సు చేసినోళ్లకి హద్దు 18 మీటర్లు, సరదా డైవింగ్ మొత్తానికీ 40. పైగా అందులో 90 మందికి పైగా చనిపోయారు. అది సమాధి, టూరిస్ట్ స్పాట్ కాదు.

మరి ఏం చూడొచ్చు? తూర్పు కనుమల రాళ్లు వైజాగ్ దగ్గర సముద్రంలోకే దిగిపోతాయి. రుషికొండ వైపు ఆ రాళ్ల సందుల్లోనే చేపలు కాపురం పెడతాయి. భీమిలి దాటి పైకెళ్తే చింతపల్లి తీరంలో పాత ఓడ శిథిలం ఉంది, చిల్కా అంటారు. అండమాన్ రీల్స్ చూసి అదే రంగు నీళ్లు ఊహించుకోవద్దు. ఇక్కడ కొన్ని రోజులు చెయ్యి చాపితే వేళ్లు మసకగా కనిపిస్తాయి. నాకైతే అదీ నచ్చుతుంది. ఎదురుగా ఏదో నల్లగా ఉంటుంది, దగ్గరికెళ్తే అప్పుడు రాయో, ఇనుమో తెలుస్తుంది.

ఇప్పుడు మన ఊరోళ్లకి అసలు విషయం. లోపల ఒత్తిడికి మనం పీల్చే గాల్లోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక మెల్లగా బయటికి పోవాలి. ఆలోపే ఎత్తుకెళ్తే సోడా మూత తీసినట్టే, బుడగలు కడతాయి. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ముదిరితే పక్షవాతం దాకా పోతుంది.

అందుకే విమానం ఎక్కే ముందు ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగమంటారు. ఈ లెక్క సుమారు 600 మీటర్ల ఎత్తు నుంచే మొదలు. తిరుమల ఎంత? 850 మీటర్ల పైమాటే! పొద్దున డైవ్, మధ్యాహ్నం రేణిగుంటలో దిగుడు, సాయంత్రం దర్శనం అని టికెట్లు బుక్ చేసేస్తుంటారు కదా, అలాంటి ప్లాన్ పెట్టుకోవద్దప్పా. పాండిచ్చేరిలో డైవ్ చేసి కార్లో వచ్చినా ఇదే లెక్క. కొండకి బస్సులో పోయినా, మెట్లెక్కినా ఎత్తు ఎత్తే.

దర్శనం ముందు పెట్టుకోండి, డైవ్ తర్వాత. కుదరకపోతే వైజాగ్ నుంచి రాత్రి రైలెక్కండి. ఆగాల్సిన టైమ్‌లో చాలావరకు నిద్రలోనే అయిపోతుంది. దిగాక మిగిలిన గంటలు లెక్కేసుకుని కొండెక్కండి.

ఆస్తమా ఉన్నోళ్లు, చెవి సమస్య ఉన్నోళ్లు డబ్బు కట్టకముందే డాక్టర్‌ని అడగండి. ఈత రానోళ్ల ప్రశ్నలు చాలా వచ్చాయి, అవి వచ్చే ఎపిసోడ్‌లో.