796 ఎవరి పైసలు?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నన్ను ఈ రోజు మాట్లాడమన్నది బడ్జెట్ గురించి. ఆ మాట వినగానే కొంతమంది ఫోన్లు బయటికి తీశారు, చూశాను. మంచిదే. ఆ ఫోన్లోనే ఒక నంబర్ రాసుకోండి: 796. ప్రభుత్వ లెక్కల్లో గిరిజన ఉప ప్రణాళికకు ఉన్న పద్దు నంబర్ అది. రోడ్ల శాఖ కానివ్వండి, విద్యాశాఖ కానివ్వండి, 796 కింద రాసిన ప్రతి రూపాయి మన పేరు మీద రాసిన రూపాయే.

ఉప ప్రణాళిక 1974-75లో, ఐదో పంచవర్ష ప్రణాళికతో మొదలైంది. 2011 జనాభా లెక్కల్లో మనం 8.6 శాతం. ఆ లెక్కన శాఖలు వాటా పక్కన పెట్టాలి. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో 10బి అనే స్టేట్‌మెంట్ ఉంటుంది, ఏ శాఖ మనకు ఎంత రాసిందో అందులో కనిపిస్తుంది. చాలా చోట్ల జరిగేది ఏంటంటే, అందరికీ పెట్టిన స్కీములో కొంత శాతం లెక్కగట్టి మన ఖాతాలో చూపిస్తారు. కాగితం మీద కోట్లు. గర్భిణిని డోలీ కట్టి మోసే గూడేనికి మాత్రం రోడ్డు రాదు.

మరి అడగాల్సింది ఎవరు? కలెక్టర్నీ, ఐటీడీఏ పీవోనీ అడుగుతూనే ఉన్నాం, అడుగుతాం కూడా. కానీ ఖజానా తాళం ఉన్నది పార్లమెంటు దగ్గర. రాజ్యాంగం 113వ అధికరణం ప్రకారం ఒక్కో శాఖ అడిగే డబ్బును లోక్‌సభ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం మాత్రం లేదు. అందుకే మన ఎంపీ చేతిలో మిగిలేది ప్రశ్న, చర్చ, కోత తీర్మానం.

చాలా పద్దుల మీద ఆ చర్చే జరగడం లేదు. టైం అయిపోతే మిగిలిన పద్దులన్నీ ఒక్కసారిగా ఓటింగుకు పెట్టేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారు. తలలు నరికే మిషను పేరది, పేరైతే సరిగ్గానే పెట్టారు. 2018 మార్చిలో సభలో గొడవ మధ్య 24 లక్షల కోట్ల పైచిలుకు బడ్జెట్ అలాగే పాసైంది. 2023లో 45 లక్షల కోట్లు, అదీ అంతే. సభను నడవనివ్వని ప్రతిపక్షానిదీ, నడిపించలేని ప్రభుత్వానిదీ తప్పే అని నా అభిప్రాయం. వాళ్ల కొట్లాటలో మన 796 మరుగున పడిపోయింది.

స్టాండింగ్ కమిటీలు ఉన్నాయి కదా అంటారు. 1993 నుంచి ఉన్నాయి. గిరిజన వ్యవహారాల శాఖ పద్దును సామాజిక న్యాయం కమిటీ చూస్తుంది. అధికారుల్ని పిలిచి, గట్టిగా అడిగి, రిపోర్టు రాస్తుంది. మూడు నెలల్లో ఏం చేశారో ప్రభుత్వం చెప్పాలి. కానీ ఆ సిఫారసును పాటించి తీరాలని ఎక్కడా లేదు. పైగా ఆ రిపోర్టులు వచ్చేది ఇంగ్లీషులో, హిందీలో.

ఖర్చయ్యాక కాగ్ ఆడిట్ ఉంది. ఉప ప్రణాళిక మీద కాగ్ 2015లో రిపోర్టు ఇచ్చింది, కేటాయింపుల్లో నిబంధనలు పాటించలేదని తేల్చింది. మంచి పనే. అయితే ఆడిట్ ఎప్పుడూ జరిగిపోయిన ఏళ్ల మీదే. ఆశ్రమ స్కూల్లో ఐదో తరగతి పిల్లకు అందని దుప్పటి సంగతి ఆడిట్లోకెక్కి, పార్లమెంటు చర్చించేసరికి ఆ పిల్ల ఇంటర్ దాటిపోతుంది. డబ్బు పోకముందే అడగాలి.

మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే ఉప ప్రణాళికకు చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది, ఖర్చు కాని డబ్బును మరుసటి ఏడాదికి కలపాలని అందులో రాసింది. మిగిలినదాన్ని మళ్లీ మళ్లీ మిగిలిస్తే ఆ చట్టంతో కడుపు నిండదు, అది వేరే సంగతి. కానీ కనీసం అడగడానికి ఒక సెక్షన్ ఉంది. కేంద్రంలో అదీ లేదు, మార్గదర్శకాలే. కాబట్టి మొదట కేంద్ర చట్టం కావాలి. మన శాఖ పద్దు చర్చ లేకుండా గిలెటిన్‌కు పోకూడదు. అమెరికా కాంగ్రెస్‌కు 1974 నుంచి సొంత బడ్జెట్ ఆఫీసు ఉంది, లెక్కల కోసం ప్రభుత్వం మీదే ఆధారపడాల్సిన పని లేదు. మన ఎంపీలకు అలాంటి ఆఫీసు ఎందుకు ఉండకూడదు?

లోక్‌సభలో ఎస్టీ సీట్లు 47. అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ మనవి. ఏ పార్టీవాళ్లయినా సరే, వాళ్లకు జనవరిలోనే ఉత్తరం వెళ్లాలి. ఫిబ్రవరి 1న బడ్జెట్ పెడతారు, తర్వాత సభకు విరామం ఇస్తారు, కమిటీలు కూర్చునేది అప్పుడే. మనకున్న టైం ఆ కొన్ని వారాలే. కామర్స్ చదివినవాళ్లు 10బి పట్టిక దింపి తలా ఒక శాఖ తీసుకోండి. ఇంగ్లీషు వచ్చినవాళ్లు కమిటీ రిపోర్టు తెలుగులో పెట్టండి, కోయ, గోండి వచ్చినవాళ్లు గూడెంలో చదివి వినిపించండి. మీటింగ్ అయ్యాక పేర్లు రాసుకుంటాను, వెళ్లిపోకండి.

జై ఆదివాసీ.