సమర్‌ఖండ్‌ను ఎవరు కట్టారు?



హైదరాబాదు శివార్లలో, హిమాయత్ సాగర్ దగ్గర, ఖిలిచ్ ఖాన్ అనే మొగలు సేనాని సమాధి ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు ఫిరంగి దెబ్బకు ప్రాణం విడిచిన మనిషి ఆయన. మొదటి నిజాముకు స్వయానా తాత. ఆయన పుట్టింది మాత్రం మధ్య ఆసియాలో, సమర్‌ఖండ్ నగరం పక్కన. నిజాముల అసఫ్‌జాహీ వంశానికి మూలమైన ఆ నేలకు, ఇవాళ్టి ఉజ్బెకిస్తాన్‌కు, ఈ పూట మిమ్మల్ని తీసుకెళ్తాను.

ఢిల్లీలో విమానం ఎక్కితే తాష్కెంట్‌లో దిగుతాం. 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి గారు కన్నుమూసిన ఊరు అదే. అక్కణ్నుంచి వేగంగా వెళ్లే రైలు ఉంది. రెండు గంటలు దాటీ దాటకముందే సమర్‌ఖండ్‌లో దించుతుంది.

ఈ ఊళ్లో చూడవలసినవి దాదాపు ఒకే దారి పొడుగునా ఉన్నాయి. నైరుతి వైపు తైమూర్ సమాధితో మొదలుపెట్టి, ఈశాన్యాన గుట్ట మీదున్న ఉలుగ్ బేగ్ వేధశాల దాకా వెళ్లవచ్చు. ఎక్కువ భాగం కాలినడకే. మీరు ఎంత చదువుకుని వెళ్లినా, ఒక గైడును తప్పక మాట్లాడుకోండి. గోడల మీద రాతలన్నీ అరబ్బీ లిపిలో ఉంటాయి. ఏ టైల్స్ ఆరు వందల ఏళ్లనాటివో, ఏవి నిన్నమొన్న అతికించినవో కొత్తవాళ్ల కళ్లకు తెలియదు. వెళ్లిన ప్రతిచోటా గైడును ఒక ప్రశ్న అడగండి: "దీన్ని ఎవరు చేశారు?" మొదటి జవాబుగా రాజు పేరు వస్తుంది. "అది సరేనండీ, చేసినవాళ్లెవరు?" అని మళ్లీ అడగండి. ఈ నగరం అసలు చరిత్ర ఆ రెండో జవాబులో ఉంది.

మొదటి మజిలీ గూర్ ఎ అమీర్, అంటే తైమూర్ సమాధి. తైమూర్ 1370లో సమర్‌ఖండ్‌ను రాజధాని చేసుకున్నాడు. ఆ తరువాత 35 ఏళ్లూ దండయాత్రలే. 1398లో ఢిల్లీని కొల్లగొట్టి నెత్తురు పారించినవాడు అతనే. ఆ సంగతి మనసులో పెట్టుకునే ఈ గడప దాటాలి. దీన్ని అతను తన కోసం కట్టించుకోలేదు. 1403లో చనిపోయిన మనవడు మహమ్మద్ సుల్తాన్ కోసం కట్టించాడు. 1405లో చైనా మీదికి బయలుదేరి, దారిలో ఒత్రార్ దగ్గర తానే చనిపోవడంతో, తెచ్చి ఇక్కడే ఉంచారు. లోపల, దాదాపు నల్లగా కనిపించే ముదురాకుపచ్చ జేడ్ రాయి అతనిది. గురువు సయ్యద్ బరకా పాదాల దగ్గర అతనికి చోటిచ్చారు.

మనకు పైన కనిపించేవి గుర్తు రాళ్లు మాత్రమే. అసలు సమాధులు కింద, నేలమాళిగలో ఉన్నాయి. తాజ్‌మహల్‌లో కూడా ఇదే ఏర్పాటు. మొగలుల మూలపురుషుడు బాబర్ తైమూర్ వంశంవాడే కదా. సమర్‌ఖండ్‌ను మూడుసార్లు గెలుచుకుని, మూడుసార్లూ పోగొట్టుకుని, చివరికి మన దేశం దారి పట్టాడు. ఇక్కడి కట్టుబడి సంప్రదాయం అతని వంశంతో పాటే వచ్చింది.

ఇప్పుడు మన ప్రశ్న అడగండి. గైడు మిమ్మల్ని ప్రవేశద్వారం దగ్గరికి తీసుకెళ్తారు. ఇస్ఫహాన్ వాసి, మహమూద్ కొడుకు మహమ్మద్ అని అక్కడ ఒక పేరు రాసి ఉంది. కట్టిన మేస్త్రి పేరది. ఇరాన్ దేశపు ఇస్ఫహాన్ మనిషికి ఇక్కడేం పని? తైమూర్ ఒక ఊరిని గెలిస్తే, అక్కడి చేతిపనివాళ్లను ప్రాణాలతో ఉంచి సమర్‌ఖండ్‌కు నడిపించేవాడు. 1404లో ఇక్కడికి వచ్చిన స్పెయిన్ రాయబారి క్లావిహో దీన్ని వివరంగా రాసిపెట్టాడు. డమాస్కస్ నుంచి పట్టు నేసేవాళ్లు, విల్లులు చేసేవాళ్లు, గాజు పనివాళ్లు వచ్చారు. హిందూస్తాన్ నుంచి రాతిపనివాళ్లు వచ్చారు. వాళ్లలో చాలామంది ఇష్టపడి వచ్చినవాళ్లు కారు. ఈ నగరం అందాన్ని మెచ్చుకునే ప్రతి ఒక్కరూ ఆ మాట కూడా తలచుకోవడం న్యాయం.

రెండో మజిలీ రిగిస్తాన్. మూడు వైపులా మూడు మదర్సాలు, మధ్యలో విశాలమైన ఆవరణ. ఎడమ పక్కది తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్ కట్టించింది, 1417 నుంచి 1420 దాకా. మిగతా రెండూ రెండు వందల ఏళ్ల తరువాత యలంగ్‌తుష్ అనే పాలకుడు కట్టించినవి. కుడి పక్కన షేర్ దోర్, నడుమ తిల్లా కారీ. షేర్ దోర్ తలవాకిలి మీద చారల మృగం జింకను తరుముతుంటుంది, దాని వీపు వెనక మనిషి ముఖంతో సూర్యుడు ఉదయిస్తుంటాడు.

ఇక్కడ తొందరపడకండి. గోడకు దగ్గరగా వెళ్లి టైల్స్ చూడండి. వట్టి మట్టి ఇటుకకు ఆ మెరుపు ఎలా వచ్చింది? ఎడారి మొక్కలను కాల్చి తీసిన బూడిదను, తెల్లరాతి పొడిని కలిపి పూత తయారుచేసేవారు. అందులో రాగి కలిపితే నీలంలో ఆకుపచ్చ తొంగిచూసే రంగు వస్తుంది. కోబాల్టు కలిపితే చిక్కటి నీలం వస్తుంది. ఆ తరువాత పని మూడు తీరులు. మామూలు ఇటుకల మధ్య రంగు పూత ఇటుకలను పడుగూ పేకల్లా అల్లుతూ కట్టుకుపోవడం ఒకటి. దూరం నుంచి చూస్తే అవే అక్షరాలుగా కుదురుకుంటాయి. ఒక్కో రంగు పలకను విడివిడిగా కాల్చి, పువ్వుకు, ఆకుకు, తీగకు తగినట్టు ఉలితో చెక్కి, సందు కనిపించకుండా అతకడం రెండోది. అన్నిటికన్నా ఓపిక కావలసింది ఇదే. ఒకే పలక మీద అన్ని రంగులూ వేసి కాల్చడం మూడోది. దీనికి శ్రమా ఖర్చూ తక్కువ. ఈ తేడా ఒక్కసారి తెలిస్తే, ఆ తరువాత ఏ గోడ ముందు నిలబడినా ఎంత పని పట్టిందో మీకే అర్థమవుతుంది.

ఇక్కడి మినార్లు భూకంపాలకు ఒరిగిపోయినవి. ఉలుగ్ బేగ్ మదర్సా మినారు ఒకదాన్ని 1932లో షూహోవ్ అనే రష్యన్ ఇంజనీరు పథకం ప్రకారం, విప్పకుండానే నిటారుగా నిలబెట్టారు. చేసినవాళ్ల జాబితాలో ఇలాంటివాళ్లూ చేరతారు.

మూడో మజిలీ బీబీ ఖానుమ్ మసీదు. ఢిల్లీ నుంచి తిరిగి వచ్చిన ఏడే, 1399లో, తైమూర్ మొదలుపెట్టాడు. మన దేశం నుంచి తోలుకెళ్లిన ఏనుగులు ఇక్కడ రాళ్లు లాగాయి. ఐదేళ్లలో అయిపోవాలన్న తొందర, కొలతకు మించిన ఎత్తు. ఫలితంగా కొద్దికాలానికే ఇటుకలు రాలడం మొదలైంది. 1897 భూకంపం ఇంకా కూల్చింది. నేడు కనిపించే ఎత్తయిన గుమ్మటంలో చాలా భాగం 20వ శతాబ్దపు పునరుద్ధరణ. పాత ఫొటోలు చూపించమని గైడును అడగండి. శిథిలాన్నీ కొత్త కట్టడాన్నీ పక్కపక్కన చూస్తేనే, కాపాడడం ఎక్కడ ఆగి, కొత్తగా కట్టడం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

పక్కనే సియాబ్ బజారు. ఇక్కడి రొట్టెను నాన్ అంటారు. గుండ్రంగా, మందంగా, మెరుస్తూ, నడుమ అచ్చు గుద్ది ఉంటుంది. వేరే ఊళ్లకు వెళ్లేవాళ్లు చుట్టాలకు దీన్నే పట్టుకెళ్తారు. రొట్టెను బోర్లా పెట్టడం ఇక్కడ తప్పు. అన్నాన్ని కళ్లకద్దుకునే మనకు ఆ మర్యాద వేరే చెప్పనక్కర్లేదు.

సమయం ఉంటే ఊరి చివర కోనిగిల్ గ్రామానికి వెళ్లండి. ఒకప్పుడు ముస్లిం ప్రపంచమంతా కోరుకున్న సమర్‌ఖండ్ కాగితాన్ని పాత పద్ధతిలో మళ్లీ తయారుచేస్తున్నారు. మల్బరీ కొమ్మల బెరడు వలిచి, నల్లటి పైపొర గీకేసి, గంటల తరబడి ఉడకబెడతారు. నీటి చక్రంతో ఆడే రోకళ్లు దాన్ని దంచి గుజ్జు చేస్తాయి. ఆ గుజ్జును జల్లెడ మీద పలచగా ఎత్తి, బరువు కింద నీరు పిండి, ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్దుతారు. ఆ చేతుల వేగాన్ని చూడడానికి ఒక పూట కేటాయించినా తప్పు లేదు.

నాలుగో మజిలీ షాహీ జిందా. ప్రవక్త మహమ్మద్‌కు పినతండ్రి కొడుకైన కుథమ్ ఇబ్న్ అబ్బాస్ సమాధి ఇక్కడ ఉందని నమ్మకం. ఆ సమాధి చుట్టూ, ఇరుకు సందుకు అటూ ఇటూ, తైమూర్ కుటుంబంలోని ఆడవాళ్ల సమాధులున్నాయి. టైల్ పనిలో అన్నిటికన్నా సున్నితమైనది ఇక్కడే ఉంది. కొన్ని గోడల మీద పనివాళ్లు తమ పేర్లు కూడా రాసుకున్నారు. చూపించమని అడిగితే గైడ్లు సంతోషంగా చూపిస్తారు. ఇది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చోటు. గొంతు తగ్గించి, నిండుగా బట్టలు కట్టుకుని వెళ్లాలి.

ఆ పక్క మట్టిదిబ్బలే అఫ్రాసియాబ్, అంటే 1220లో చెంఘిజ్ ఖాన్ నేలమట్టం చేసిన పాత నగరం. క్రీస్తుపూర్వం 329లో అలెగ్జాండర్ పట్టుకున్నది ఈ ఊరినే. 1965లో ఇక్కడ రోడ్డు పనుల్లో 7వ శతాబ్దపు భవనం గోడలు బయటపడ్డాయి. అప్పట్లో ఈ నగరాన్ని ఏలిన సొగ్డియన్ రాజు వర్ఖుమాన్ కొలువుకు దూర దేశాల రాయబారులు కానుకలతో వస్తున్న చిత్రాలు వాటి మీద ఉన్నాయి. పక్కనే ఉన్న మ్యూజియంలో వాటిని చూడవచ్చు.

చివరి మజిలీ ఉలుగ్ బేగ్ వేధశాల. నా మటుకు నాకు సమర్‌ఖండ్ గుండెకాయ ఇదే. తాత భూమిని గెలవబోతే, మనవడు ఆకాశాన్ని కొలవబోయాడు. 1420లలో ఈ గుట్ట మీద మూడంతస్తుల గుండ్రని భవనం కట్టించి, లోపల సుమారు 40 మీటర్ల వ్యాసార్ధంతో ఒక రాతి చాపం అమర్చాడు. అంత పెద్దది ఎందుకంటే, ఆ కొలతలో ఒక్క డిగ్రీ సుమారు 70 సెంటీమీటర్ల మేర వస్తుంది. గీతల మధ్య దూరం పెరిగేకొద్దీ లెక్కలో తప్పు తగ్గుతుంది. టెలిస్కోపు పుట్టక ముందు అది తప్ప దారి లేదు. అల్ కాషీ, ఖాజీ జాదా, అలీ ఖుష్జీ వంటి పండితులు ఇక్కడ రాజుతో పాటు కూర్చుని పనిచేశారు. రాజు కూడా లెక్కల్లో వాళ్లకు తీసిపోయినవాడు కాదు. 1018 నక్షత్రాల పట్టికను 1437లో సిద్ధం చేశారు. నక్షత్ర సంవత్సరానికి వాళ్లు కట్టిన లెక్క 365 రోజుల 6 గంటల 10 నిమిషాల 8 సెకన్లు. నేటి లెక్కకు తేడా ఒక నిమిషం కూడా లేదు.

1449లో ఉలుగ్ బేగ్‌ను కన్న కొడుకే చంపించాడు. వేధశాల నేలమట్టమైంది. ఎక్కడుందో కూడా లోకం మరిచిపోయింది. 1908లో వ్యాట్కిన్ అనే పురావస్తు పరిశోధకుడు పాత దస్తావేజు ఆధారంగా జాడ పట్టి తవ్వితే, కొండరాతిలో దిగిన ఆ చాపం అడుగు భాగం దొరికింది. అదే నేడు మనం చూసేది. వ్యాట్కిన్ సమాధి కూడా అక్కడే ఉంది.

భవనం పోయినా లెక్కలు పోలేదు. ఆ పట్టిక 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. మన జైపూర్ రాజు సవాయి జైసింగ్ దాన్ని చదివి, ఆ దారిలోనే జంతర్ మంతర్‌లు కట్టించాడు. జైపూర్‌లోని షష్ఠాంశ యంత్రం ఈ రాతి చాపానికి దగ్గరి చుట్టమే.

వెళ్లాలనుకునేవారికి ఏప్రిల్, మే గానీ, సెప్టెంబరు, అక్టోబరు గానీ అనువైన నెలలు. కనీసం రెండు రోజులు ఉండండి. తైమూర్ చనిపోయాక వందేళ్లు తిరక్కుండానే సమర్‌ఖండ్ అతని వంశం చేయిజారింది. ఇస్ఫహాన్ మేస్త్రి కట్టుబడి, పేరు తెలియని చేతులు అతికిన టైల్స్, రాత్రుల తరబడి మేలుకుని వేసిన నక్షత్రాల లెక్కలు ఇంకా నిలిచి ఉన్నాయి. రాజుల పేర్లు గైడు ఎలాగూ చెబుతారు. పనివాళ్ల పేర్లు మనమే అడిగి తెలుసుకోవాలి.