అన్నము మానుటకు ముందు రక్తపరీక్ష
(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

అన్నము మానివేసి, కొబ్బరినూనె త్రాగి, బరువును మధుమేహమును తగ్గించుకొనవచ్చునను మాట 2017, 2018 ప్రాంతమున తెలుగునాట ఊరూర వినవచ్చినది. శ్రీ వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన ఆ పథ్యములో బియ్యము, గోధుమ, చక్కెర లేవు. దినమునకు 70 మొదలు 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు గలవు. మన ఉద్దానములో కొబ్బరి విరివిగా కాయుచున్నను, నూనెను తలకు రాచుకొనుటయే గాని త్రాగుట మన తాతలెరుగరు. ఎవరైన ఈ పథ్యము పట్టదలచినచో ముందుగా మీతోనే చెప్పుదురు గావున ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

అన్నము, చోడి అంబలి మున్నగువాని నుండి వచ్చు చక్కెరయే శరీరమునకు సాధారణముగా ఇంధనము. అది అందకపోయినచో కాలేయములోని నిల్వ సుమారు ఒక దినములో అడుగంటును. అప్పుడు కాలేయము కొవ్వునుండి కీటోనులను పదార్థములను తయారుచేసి మెదడునకు, కండరములకు పంపును. ఈ స్థితికే కీటోసిస్ అని పేరు. ఏకాదశినాడు నిష్ఠగా ఉపవసించు పెద్దలు మరునాటికి దీని గడప తొక్కుచునే యున్నారు. ఇది వింతయు గాదు, విషమును గాదు.

దీనివలన మేలును గలదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగులకు ఈ పథ్యమును సూచించెను. మందులకు లొంగని పిల్లల మూర్ఛకు నేటికిని వైద్యుల పర్యవేక్షణలో దీనిని వాడుచున్నారు. పెద్దల మధుమేహములో మొదటి కొన్ని నెలలు చక్కెర, బరువు బాగుగనే తగ్గును. సంవత్సరము గడచుసరికి ఇతర పథ్యములకును దీనికిని గల తేడా చాలవరకు తరిగిపోవును.

మలబద్ధకము, మూత్రపిండములలో రాళ్లు, కొందరిలో చెడు కొలెస్టరాలు పెరుగుట దీని చిక్కులు. ఇన్సులిన్ గాని, కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు మోతాదు మార్చుకొనక అన్నము మానినచో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. ఇన్సులిన్ తమంతట తాము మానివేయుట మరింత అపాయము. కీటోనులు మితిమీరి, రక్తము ఆమ్లమయమై ప్రాణము మీదికి వచ్చును. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని యుండు మాత్రలు వాడువారికి చక్కెర హెచ్చుగా లేకపోయినను ఈ ప్రమాదము రావచ్చును.

ఇవి ఎక్కడివారికైనను వర్తించును. మన సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో మధుమేహము, రక్తపోటు లేనివారికిని మూత్రపిండములు చెడుచున్నవి. కారణము ఇంతవరకు నిర్ధారణ కాలేదు. ఈ జబ్బు చప్పుడు చేయదు; తొలిదశలో కాళ్లవాపు గాని, నొప్పి గాని సాధారణముగా నుండదు. కనుక "నాకే రోగమును లేదు" అని ఇచ్చట ఎవరును చూపుమాత్రముచే చెప్పజాలరు.

చెడిన మూత్రపిండము రక్తములోని ఆమ్లమును బయటికి పంపజాలదు. కీటోనులు ఆ ఆమ్లమును ఇంకను పెంచును. పథ్యము పట్టిన తొలిదినములలో ఉప్పు, నీరు శరీరమునుండి హెచ్చుగా పోవును. జీడితోటలో ఎండకు చెమటోడ్చు కూలికి ఇది రెండింతల నష్టము. అన్నమునకు బదులు మాంసము, గ్రుడ్లు దండిగా తినినచో మూత్రపిండములపై బరువు పెరుగును. పలాస జీడిపప్పులోను, కొబ్బరినీటిలోను గల పొటాసియము జబ్బు ముదిరినవారి గుండెకు హాని చేయవచ్చును. డయాలిసిస్ పొందువారికి నాలుగు లీటర్ల నీరు ఎంతమాత్రము తగదు.

గావున ఈ పథ్యమును గూర్చి మీ పంచాయతీలో సభ జరుపుదుమని ఎవరైన వచ్చినచో, హాజరగువారందరికి ముందుగా క్రియాటినిన్ రక్తపరీక్ష జరిగినదా యని అడుగుడు. జరుగనిచో పంచాయతీ భవనము ఇయ్యకుడు. ఇందుకు కొందరు నొచ్చుకొన్నను సరియే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైనది. టెక్కలిలోను ప్రభుత్వాసుపత్రి గలదు. పరీక్షలో బాగుగ నున్నవారు సైతము తాము వాడు మందుల చీటీని వైద్యునికి చూపిన పిమ్మటనే పథ్యము మొదలిడి, మూడు నెలలకు మరల రక్తము పరీక్ష చేయించుకొనవలెను.